మామయ్య కారు అమ్మనన్నారు

హైదరాబాద్‌లో ఆ కారుకు సర్వీసింగ్ చేసే మేనేజరు మర్యాదగానే చెప్పాడు. "ఈ మోడల్ తయారీ ఆపేసి చాలా ఏళ్లయింది సార్. ఇక ప్రతి పార్టూ బయటి దేశం నుంచి రావాల్సిందే. కండిషన్ బాగున్నప్పుడే అమ్మేయండి, కొనేవాళ్లను నేనే చూస్తాను."

మా మామయ్య ఆయన చెప్పిందంతా విన్నారు. బానెట్ మీద ఎవరిదో వేలిముద్ర పడితే చొక్కా అంచుతో తుడిచారు. "అమ్మేటందుకు కొన్ననా సారూ? ఉంచుకోనీకి కొన్న" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నాకప్పుడు నచ్చింది. తర్వాత ఒకరోజు అదే మాట మళ్లీ ఆయన నోట విని, పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ ఎత్తనంత గొంతెత్తి ఆయన మీద అరిచాను.

మాది కోదాడ. మిర్యాలగూడ కోడలిగా వచ్చేనాటికే ఆ కారు ఆ ఇంట్లో ఉంది. జర్మనీ కారు, నల్లటిది, లోపల తేనె రంగు తోలు సీట్లు. తలుపు వేస్తే చప్పుడు రాదు, దిండు మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. అత్తయ్య నా పెళ్లికి ముందే పోయారు. మామయ్య, మా ఆయన, నేను, ఆ కారు. ఇంట్లో నలుగురం అని మా ఆయన నవ్వేవాడు.

మామయ్య లారీ డ్రైవర్‌గా మొదలుపెట్టిన మనిషి. మిల్లుల నుంచి బియ్యం ఎత్తుకొని కాకినాడ దాకా తోలేవారు. ఎండాకాలం లారీ కిందే పడుకునేవారు. తర్వాత ఒక పాత లారీ సొంతానికి కొన్నారు, తర్వాత ఇంకొన్ని. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మా ఆయనకు అప్పజెప్పి కూర్చునే రోజు వచ్చినప్పుడు, తోటివాళ్లంతా మిల్లులో వాటా తీసుకోమన్నారట. ఆయన షోరూముకు వెళ్లి ఈ కారు కొన్నారు. బతుకంతా సరుకు కోసం తోలాను, ఇక నా కోసం తోలుకుంటాను అన్నారట.

మిర్యాలగూడలో అలాంటి కారును ఉంచుకోవడం మాటలు కాదు. మిల్లుల్లో ఊక కాలిన బూడిద గాలికి లేచి వస్తుంది. డాబా మీద ఆరేసిన బట్టల మీద, కిటికీ ఊచల మీద, పెరుగు గిన్నె మూత మీద నల్లటి పొడి. కారు మీద పడ్డ ఆ పొడిని పొడిగుడ్డతో తుడిస్తే రంగు మీద సన్నటి గీతలు పడతాయి. అందుకని మామయ్య ముందు నీళ్లు పోసి, బూడిదంతా జారిపోయాక పాత పంచె ముక్కతో తుడిచేవారు. ఇంకొకళ్లను తాకనిచ్చేవారు కాదు. ఎలుకలు వైర్లు కొరకకుండా ఇంజన్ పక్కన పొగాకు కాడలు కట్టేవారు. చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు గాలి సంచులుంటాయి ఆ కారుకు. అవి పాతబడ్డాక, రాత్రి సరిగ్గా నిలబడ్డ కారు తెల్లారేసరికి ఒక మూల కుంగిపోయి కనిపించేది. ఇంజన్ ఆన్ చేస్తే మెల్లగా లేచేది. లేచేదాకా మామయ్య పక్కనే నిలబడేవారు.

ఆయనకు ఒక నియమం ఉండేది. కారును ఊరికే నిలబెట్టొద్దు. "నిలవెడితే బ్యాటరీ దిగుతది, రబ్బర్లు గట్టిపడ్తయి, టైర్లు గుండ్రం పోతయి. నెలకోపారన్న దూరం పోవాలె" అనేవారు. ఆ దూరం పోవడం నాకోసమే అన్నట్టు కోదాడకు పోవడంగా మారింది. నేను నిడమనూరులో టీచర్‌ని. నెలకో ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరేవాళ్లం. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ. దారి పొడవునా ఎడమ కాలువ నీళ్లతో పండే పొలాలు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే మాట్లాడరు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. బడి, వంటిల్లు, ట్యూషన్లు అన్నీ అద్దం బయట ఆగిపోయినట్టు ఉండేది. హుజూర్‌నగర్‌లో చాయ్ తాగేవాళ్లం, కారు దిగి. కారులో చాయ్ కప్పు కనపడితే ఆయన మొహం మారిపోయేది.

కోదాడలో మా అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "అన్నయ్యగారూ, కాసేపు లోపల నడుం వాల్చరాదూ" అనేది. ఆయన మాత్రం కారు కనపడేట్టు వరండాలోనే కుర్చీ వేసుకునేవారు.

ఏదో తేడా ఉందని మొదట తెలిసింది గేటు దగ్గర. కారు లోపలికి తెస్తూ ఎడమ అద్దం గేటు స్తంభానికి రాశారు. అన్నేళ్లుగా అదే గేటు, అదే స్తంభం. ఆయన దిగి ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత అన్నం తినేటప్పుడు ఎడమ పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసుకు చెయ్యి తగిలి ఒలికింది. ఒకసారి కాదు. హుజూర్‌నగర్ దగ్గర ఎడమ పక్కనుంచి బర్రె రోడ్డు ఎక్కింది. నేను చాలా ముందే చూశాను. ఆయన చూస్తారని ఆగి, చూడటం లేదని అర్థమై "మామయ్యా, బర్రె" అన్నాను. అప్పుడు బ్రేకు కొట్టారు. అది ఉన్నట్టుండి ఎక్కడినుంచి వచ్చిందో అన్నట్టు దాన్ని చూశారు. బర్రె తాపీగా దాటిపోయింది.

ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను. "మామయ్యగారికి ఎడమ పక్క కనపడుతున్నట్టు లేదండి. డాక్టరుకు చూపించాలి."

"నాన్న పేపరు అద్దాలు లేకుండ చదువుతడు. లారీ డ్రైవర్ కండ్లు అవి" అన్నాడు మా ఆయన.

నేను వదల్లేదు. షుగర్ పరీక్షతో పాటు కళ్లు కూడా చూపిద్దామని చెప్పి మామయ్యను సూర్యాపేట కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గోడ మీద అక్షరాలు ఆఖరి వరస దాకా గడగడా చదివారు. నా వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించారు. తర్వాత డాక్టరమ్మ ఆయన్ని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టింది. చుక్క వెలుగు కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆయన నొక్కుతున్నారు, ఆగుతున్నారు. ఆగిన సమయాలే ఎక్కువగా ఉన్నాయి. ఆ గదిలో అది చూస్తూ కూర్చోవడం నాకు చాలా కష్టమైంది.

"నీటికాసులు పెద్దాయనా" అంది డాక్టరమ్మ. "గ్లకోమా అంటాం. ఎదురుగా బాగానే కనిపిస్తుంది. పక్కల చూపు పోయింది, ఎడమ వైపు మరీ. పోయింది రాదు. ఉన్నది కాపాడటానికి చుక్కలమందు. బండి మాత్రం నడపొద్దు."

"అక్షరాలన్ని చదివిన గదమ్మా" అన్నారు మామయ్య.

"రోడ్డు మీద మనుషులు అక్షరాల్లాగా ఎదురుగా నిలబడరు కదండీ" అందామె.

బయటికొచ్చాక తాళంచెవి అడిగాను. నాకు మా ఆయన చిన్న కారు నడపడం వచ్చు, లైసెన్సూ ఉంది. మామయ్య జేబులోంచి తీసి ఇచ్చారు. ఆ కారును నేను మొదటిసారి నడిపింది ఆ రోజే. స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద రాసుకున్నప్పుడల్లా ఆయన పళ్లు బిగించారు. ఇంటికొచ్చాక నేరుగా గదిలోకి వెళ్లి పడుకున్నారు.

ఇక అయిపోయింది అనుకున్నాను. కాలేదు. కొన్నాళ్లు చుక్కలు వేసుకున్నాక, "ఇప్పుడు మంచిగ కనవడ్తున్నది" అని మొదలుపెట్టారు. కనపడదు, కనపడే వీలు లేదు. నేను చెప్తే వినేవారు, మర్నాడు మళ్లీ అదే మాట. మా ఆయన ఒకసారి తాళంచెవి తీసి ఆఫీసు బీరువాలో పెట్టాడు. మామయ్య అన్నం ముట్టలేదు. వసారాలో కారుకు ఎదురుగా కూర్చున్నారు. సాయంత్రానికి మా ఆయన తాళంచెవి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు.

"ఎందుకిచ్చారండీ?" అన్నాను లోపలికొచ్చాక.

"ఊర్లోనే గద తిప్పుతడు. ఎంత దూరం పోతడు" అన్నాడు. "నాన్నను గట్ల సూడలేను నేను."

అప్పటి నుంచి నేను ఆ కారు ఎక్కడం మానేశాను. కోదాడకు బస్సులో పోయేదాన్ని. మామయ్య మొదటి నెల "నేను దింపుతగా" అన్నారు. "వద్దు మామయ్యా, మీరు నడిపితే ఎక్కను" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. నాకూ బాధేసింది. కానీ మాట మార్చలేదు.

వానాకాలం నాట్లు పడుతున్న రోజులు. ఒక ఆదివారం బస్సులో కోదాడ పోయాను. మధ్యాహ్నం అమ్మతో కూర్చుని ఉండగా మామయ్య ఫోను. "అమ్మా, మనిషిని కొట్టిన."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఎక్కడ మామయ్యా? మీకేమైనా అయిందా?"

"నాకేం గాలే. నేరేడుచర్ల దాటినంక. సూర్యాపేట పెద్ద దవాఖానకు తీస్కపోతున్నరు. నేను గాడికే పోతున్న అంబులెన్సుల." కాసేపు ఆగి, "నిన్ను తీస్కరానీకి బయల్దేరిన" అన్నారు.

అమ్మ ఏదో అడుగుతూనే ఉంది. నేను చెప్పులేసుకుని రోడ్డెక్కి సూర్యాపేట బస్సు పట్టుకున్నాను. హైవే మీద ఆ బస్సు ఎంత వేగంగా పోయిందో నాకు గుర్తు లేదు. మునగాల రావడం, పోవడం మాత్రం గుర్తుంది.

జరిగింది తర్వాత నలుగురి నోటా విన్నాను. ఆ మనిషిది పాలకీడు. కౌలు రైతు. మోపెడ్ మీద గడ్డిమోపు పెట్టుకుని, పొలం బాట నుంచి ఎడమ పక్కగా రోడ్డెక్కాడు. ఎక్కి కొంత దూరం వచ్చాడు కూడా. రోడ్డు ఖాళీగా ఉంది, పట్టపగలు, వాన లేదు. మామయ్యకు కనపడింది ఎదురుగా ఉన్న రోడ్డు ఒక్కటే. చప్పుడు వినపడ్డాకే ఆయనకు అక్కడ మనిషి ఉన్నాడని తెలిసింది.

నాట్లు వేసేవాళ్లు పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చారు. "కారున్నదని కండ్లు నెత్తికెక్కినయా" అని ఒకరు కాలర్ పట్టుకున్నారు, ఒకరు చెంప మీద కొట్టారు. మామయ్య చేతులు అడ్డం పెట్టుకోలేదట. కింద పడ్డ మనిషే, "ముసలాయనను కొట్టకుండ్రి. ముందు నన్ను లేపుండ్రి" అన్నాడట. అంబులెన్సు వచ్చాక మామయ్య ఆ మనిషి తల దగ్గర కూర్చున్నారు. కారు నాలుగు తలుపులూ తెరిచే ఉన్నాయి, తాళంచెవి దానికే ఉంది. అంబులెన్సు కదులుతుంటే వెనక జనం కారు అద్దాలు పగలగొడుతున్న చప్పుడు వినపడిందట. ఆయన తల తిప్పలేదని అందులో వచ్చిన ఒకతను నాతో చెప్పాడు.

నేను వెళ్లేసరికి దవాఖానా వరండాలో, గోడ పక్కన కింద కూర్చుని ఉన్నారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఒక చెంప వాచింది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. "కాలు విరిగింది. తొడ బొక్క. పానానికి ఏం లేదంట" అన్నారు.

ఆ మనిషి భార్య అప్పుడే వచ్చింది. నాటు వేస్తూ వేస్తూ వచ్చేసింది. పాదాల మీద బురద ఎండి తెల్లబడింది, చీర ఇంకా మోకాళ్ల దగ్గర తడిగా ఉంది. నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడింది.

"గాయన మీ మామనా?"

"అవునమ్మా."

"గంత రోడ్డు మీద మనిషి కనవడడా? కండ్లు లేవా ఆయనకు?"

తిట్టడానికి అన్న మాట అది. నేను కూడా తిట్టులాగే విని ఊరుకోవచ్చు. "సరిగా లేవమ్మా" అన్నాను. "పక్కకు కనపడదు. డాక్టరు నడపొద్దని చెప్పింది. మేము ఆపలేకపోయాం."

ఆమె నన్ను చూసి, ఆయన్ని చూసింది. ఆమె కళ్లలోకి అప్పుడు వచ్చింది కోపం కాదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు. బల్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆయన మిర్యాలగూడ నుంచి వచ్చాడు. ముందు తండ్రి చెంప చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత నన్ను మెట్ల కిందకు తీసుకెళ్లాడు.

"నీకు లైసెన్స్ ఉన్నది. కారు నువ్వే నడిపినవని చెప్దాం" అన్నాడు.

"నేను కోదాడలో ఉన్నా కదండీ."

"కోదాడ దిక్కే గద పోతున్నడు. నువ్వు కారుల ఉన్నవంటే ఎవరు కాదంటరు? నడపొద్దని డాక్టర్ చెప్పినంక నడిపిండని తెలిస్తే కేసు ఎట్లుంటదో తెల్సా? ఈ వయసుల నాన్నను స్టేషన్ల చుట్టు తిప్పుదమా?"

"అక్కడ అంతమంది ఆయన్ని చూశారు. కొట్టారు కూడా."

"వాళ్లతోని నేను మాట్లాడుకుంట."

"నేను ఆమెతో చెప్పేశానండి. మామయ్యకు కనపడదని."

మా ఆయన నన్ను అలా చూడటం అదే మొదటిసారి. పరాయిదాన్ని చూసినట్టు. "నిన్ను ఎవరు చెప్పమన్నరు?" అన్నాడు మెల్లగా. నేను వరండాలోకి వెళ్లిపోయాను. అక్కడే ఉంటే ఇంకా పెద్ద మాటలే వచ్చేవి. తాళంచెవి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది మీరే కదా అన్న మాట నా నాలుక చివరే ఉంది.

మామయ్య ఇదంతా విన్నారో లేదో నాకు తెలియదు. మర్నాడు స్టేషన్‌కు బయల్దేరేటప్పుడు కొత్త చొక్కా వేసుకున్నారు. దారి పొడవునా మా ఆయన ఏం చెప్పాలో, ఏం చెప్పొద్దో నేర్పుతూనే ఉన్నాడు. ఎస్సై కుర్చీ చూపించి, "ఎట్ల జరిగింది పెద్దాయనా?" అని అడిగాడు.

మామయ్య కూర్చోలేదు. "నేనే నడిపిన సార్. నాకు ఎడమ దిక్కు కనవడదు. డాక్టరమ్మ నడపొద్దని జెప్పింది. కోడలు జెప్పింది. నా కొడుకు చావి గుంజుకున్నడు గూడ. నేనే ఇనలే."

మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఎస్సై రాస్తున్న పెన్ను ఆపి, "కూసో పెద్దాయనా" అన్నాడు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. కేసు కోర్టుకెళ్లింది, ఇంకా నడుస్తోంది. మామయ్య లైసెన్సు పోయింది. ఆ మనిషి వైద్యానికి, ఇంటికి మేం పెట్టాల్సింది పెట్టాం, పెడుతున్నాం. దాని గురించి చెప్పుకోవడానికేం లేదు. తొడలో రాడ్ వేశారు. కట్టు విప్పాక కూడా బురదలో దిగే కాలు కాదది. ఆ ఏడు కౌలు వదులుకున్నారు. ఆమె ఒక్కతే కూలికి పోయింది.

మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మా ఆయన నాతో అవసరానికి తప్ప మాట్లాడేవాడు కాదు. ఒకరోజు టిఫిన్ దగ్గర, "నాన్నను నువ్వే కేసుల ఇరికించినవ్" అన్నాడు. మామయ్య ఇడ్లీ తుంచుతూ, "నన్ను ఎవ్వరు ఇరికియ్యలే" అన్నారు. అంతటితో ఆగింది. కానీ అది మా ఇద్దరి మధ్య నుంచి లేచి పోలేదు. ఇప్పుడు మాట్లాడుకుంటాం, నవ్వుకుంటాం. ఏదైనా పెద్ద నిర్ణయం వచ్చినప్పుడు మాత్రం ఒకరి మొహం ఒకరం ముందు చూసుకుంటాం, ఎదుటివాళ్లు ఏం చేస్తారో అని.

స్టేషన్ నుంచి కారు వదిలినప్పుడు క్రేను మీద ఇంటికొచ్చింది. అద్దాల్లేవు. ఎడమ లైటు పగిలి, మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయింది. వానకు సీట్లు తడిసి బూజు వాసన. పాత కార్లు కొనేవాళ్లు మర్నాడే ఫోన్లు చేశారు. మా ఆయన సరే అనేశాడు. మామయ్య కారు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని, "అమ్మేటందుకు కొనలే నేను" అన్నారు.

అప్పుడు అరిచాను. "ఇంకా ఎందుకు మామయ్యా ఇది? ఒక మనిషి కాలు పోయింది. మీ చెంప మీద పరాయివాళ్లు కొట్టారు. దీన్ని చూస్తూ మేమెలా తిరగాలి ఈ ఇంట్లో?"

పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. మామయ్య నాకు కాక ఆ మడ్‌గార్డుకు చెప్తున్నట్టు, "పొద్దుగాల లేసి నేనేం జేయాలె, జెప్పు బిడ్డా" అన్నారు.

లోపలికి వెళ్లిపోయాను. కారు అమ్మలేదు.

అద్దాలు, లైటు వేయించారు. లైటు రావడానికి నెలలు పట్టింది. మడ్‌గార్డు నొక్కు మాత్రం తీయించనివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దున్నే నీళ్లు పోసి తుడవడం మళ్లీ మొదలైంది. కాకపోతే ఇప్పుడు ఆయన ఎక్కడ నిలబడి తుడిచినా కుడి వైపు తళతళలాడేది, ఎడమ వైపు బూడిద చారలు అలాగే ఉండేవి. ఆయనకు అవి కనపడవు. నేను బడికి పోయేముందు ఒక తడిగుడ్డతో ఆ చారలు తుడిచేదాన్ని. మొదట్లో అంతంత మాత్రం ఉండే చారలు రాన్రాను తలుపు దాకా, వెనక చక్రం దాకా పెరిగాయి. చుక్కలు వేస్తున్నా చూపు ఎంత తగ్గుతోందో నాకు అక్కడే తెలిసేది. ఒకరోజు తుడుస్తుంటే వెనక నుంచి, "ఇంక మిగిలిందా?" అన్నారు. "కొంచెం" అన్నాను. ఆయన నీళ్ల కుండీ గట్టు మీద కూర్చుని, నేను తుడిచేదాకా ఉన్నారు.

నెలకోసారి దూరం పోవడం ఇప్పుడు నా పని. ఇష్టంతో కాదు. నిలబెడితే ఆయనే ఎప్పుడో ఎక్కి కూర్చుంటారని భయంతో మొదలుపెట్టాను. ఆయన ఎడమ సీట్లో కూర్చుని ఇంజన్ చప్పుడు వింటారు. "గేరు మారేటప్పుడు జర గుంజుతున్నది" అంటారు. నాకేమీ వినపడదు.

పాలకీడుకు మాత్రం ఎప్పుడు వెళ్లినా చిన్న కారులోనే పోయేవాళ్లం. అది ఆ మనిషి అడిగిందే. మొదటిసారి వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని మామయ్యతో, "మీరొచ్చుడు మంచిదే గని, గా కారుల రాకుండ్రి. గా చప్పుడు ఇంటె నాకు కాలు గుంజుతది" అన్నాడు. మామయ్య తలూపారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. నాట్లు, కాలువ నీళ్లు, యూరియా దొరకడం. ఆమె చాయ్ ఇస్తుంది. మామయ్య గ్లాసు కోసం ఎడమ పక్క తడుముకుంటే ఆమె చూసి, గ్లాసును జరిపి చేతికి తగిలేట్టు పెడుతుంది.

మొన్న అతని తొడలో రాడ్ తీయడానికి దవాఖానావాళ్లు సూర్యాపేట రమ్మన్నారు. ఆ రోజు చిన్న కారు తీసుకుని మా ఆయన లారీ పని మీద పోయాడు. నేను ఫోన్ చేసి చెప్పాను, పెద్ద కారే ఉంది, ఆటో మాట్లాడనా అని. ఫోను ఆమె ఎత్తింది. "కారే తెండ్రి. మూటలున్నయి" అంది.

వెళ్లేసరికి అతను అప్పటికే నేరేడుచర్లలో బస్సెక్కడానికి పోయాడు. ఊళ్లో ఎవరో బండి మీద దింపారట. ఆమె గిన్నెల సంచీ, చాప, బట్టల మూట ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కనన్నడు. నువ్వు గావాల్నంటె పో అన్నడు" అంది. "ఆయన పట్టుదల ఆయనది. నా మోకాళ్లు నావి." మూటలు వెనక సీటు మీద పెట్టింది. ఆమె ముందు కాళ్లు బయటపెట్టి, చెప్పుల మట్టి దులుపుకుని, తర్వాత లోపల పెట్టి తలుపేసుకుంది.

నేరేడుచర్ల దాటాక అతనెక్కిన బస్సును అందుకున్నాం. వెనక అద్దం పక్కన అతని తల కనపడుతోంది. ముందుకు పోయే చోటు ఉంది, కానీ మామయ్య, "ఎనకనే పోనియి" అన్నారు. బస్సు ఆగిన చోటల్లా మేమూ ఆగాం. వెనకనుంచి హారన్లు కొట్టినవాళ్లు మమ్మల్ని చూసి, ఇంత కారు పెట్టుకుని బస్సు వెనక ఎందుకు పాకుతున్నారో అర్థంకాక చేతులు తిప్పుతూ దాటిపోయారు. ఆమె వెనక సీట్లో నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, చెయ్యి మూట మీద వేసి.

సూర్యాపేట బస్టాండులో అతను మంచి కాలు ముందు పెట్టి, కడ్డీ పట్టుకుని దిగాడు. మామయ్య కారు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డారు. అతను మా ముందు నుంచే నడిచి, ఆటో స్టాండు దగ్గరికి పోయాడు. కోపంగా పోలేదు. "వచ్చిండ్రా" అని మామయ్యను పలకరించే పోయాడు. ఆమె మూటలు దింపుకుని అతని వెనకాల ఆటో ఎక్కింది. మేం ఆటో వెనక దవాఖానాకు పోయాం.

రాడ్ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కొంచెం కుంటు ఉంటుందని, అది పోదని డాక్టర్ చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు మామయ్య మంచం కుడి పక్కకు వచ్చి నిలబడ్డారు, అతని ముఖం ఎదురుగా కనపడేట్టు. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో, మేం పోవాలని చూస్తున్నాడో తెలియలేదు. కాసేపాగి, ఆమెకు చెప్పి బయటికొచ్చాం.